ఇంటర్వ్యూ అనగానే గాభరా ఎందుకండీ?

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, మా జనగామలో ఏ ఇంట్లో చూసినా ర్యాంకుల గోలే! ఇంజనీరింగ్‌కి ఎప్‌సెట్ ర్యాంకు చూస్తారు. డిగ్రీకైతే చాలా కాలేజీల్లో ‘దోస్త్’ ద్వారా ఇంటర్ మార్కుల మీదే సీటు. పిల్ల మొహం కూడా చూడరు. అది మనలాంటి వాళ్ళకి మేలే అంటాను నేను.

ఎందుకంటారా? వరంగల్ ఎన్‌.ఐ.టి.ని పూర్వం ఆర్‌.ఇ.సి. అనేవారు కదా, అలాంటిదే శ్రీనగర్‌లోనూ ఉండేది. అక్కడ సీటుకి రాతపరీక్ష 100 మార్కులు, ఇంటర్వ్యూ 50. రాతలో మంచి మార్కులొచ్చిన పిల్లలకి ఇంటర్వ్యూలో సీటు పోయింది. “రెండు మూడు నిముషాలు కూర్చోబెట్టి, అమ్మానాన్నలెవరు, ఎక్కడుంటారు అని అడిగి పంపేశారు” అంటూ వాళ్ళు కోర్టుకెక్కారు. ఇంటర్వ్యూకి నూటికి పదిహేను మించి మార్కులు పెట్టకూడదని 1980లో సుప్రీంకోర్టు చెప్పింది. నాన్న ఎవరో చూసి సీటిస్తే భూపాలపల్లిలో బొగ్గుబావి కార్మికుడి కూతురి గతేమిటి చెప్పండి!

అలాగని ఇంటర్వ్యూ ఉందనగానే అప్లికేషనే మానేస్తామంటే నేనొప్పుకోను. యాదాద్రి భువనగిరి జిల్లాలో గురుకులం వాళ్ళ ఆడపిల్లల సైనిక డిగ్రీ కాలేజీకి రాతపరీక్షతో పాటు ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. బెంగుళూరు అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలోనూ అంతే. ఆదాయం తక్కువైతే అక్కడ ఫీజుకి సాయం కూడా చేస్తారు. “మా పిల్ల నలుగురిలో నోరు విప్పదు” అని తల్లే అడ్డం పడితే ఎలా?

నోరు విప్పడం మన వంటింట్లోనే నేర్పొచ్చు. కూరలు తరుగుతూ “మీ ఊరి గురించి చెప్పమ్మా” అని అడగండి. జనగామ పిల్లకి పెంబర్తి ఇత్తడి పని ఉంది, మహబూబాబాద్ పిల్లకి మిర్చి చేను ఉంది, భూపాలపల్లి పిల్లకి సింగరేణి ఉంది. బట్టీ మాత్రం పట్టించకండి, రెండో ప్రశ్నకే దొరికిపోతారు. తెలియనిదానికి “తెలియదండీ” అనడం అలవాటు చేయండి. చున్నీ కొస మెలిపెట్టకుండా, ఎదుటివాళ్ళ మొహంలోకి చూసి మాట్లాడాలి. మీ ముందు గలగలా మాట్లాడే పిల్ల కొత్తవాళ్ళ ముందు బిగుసుకుపోతుంది కాబట్టి, పక్కవీధి టీచరమ్మ దగ్గర ఓ రెండుసార్లు కూర్చోబెట్టండి.

భూపాలపల్లి వాళ్ళకి రైలు లేదు కనుక ముందురోజే బస్సెక్కండి. సర్టిఫికెట్లు అసలువీ, జిరాక్సులూ వేరువేరు కవర్లలో పెట్టండి. దారికి పులిహోర కట్టుకుంటే సాయంత్రం దాకా పాడవదు.