సులువైన నదికీ లైఫ్ జాకెట్ కావాలి

పిల్లలూ! హృషీకేశ్ దగ్గర గంగానదిలో గాలి నింపిన రబ్బరు పడవలమీద విహారానికి కుటుంబాలు వెళుతుంటాయి. కొత్తవారిని బ్రహ్మపురి నుంచి కిందికి వచ్చే తేలికపాటి దారిలో తీసుకెళతారు. నదీప్రవాహపు ఉధృతిని 1 నుంచి 6 వరకు తరగతులుగా విభజించారు. ఒకటో తరగతి అన్నిటికన్నా సులువు. "సులువైన దారే కదా, జాకెట్ ఎందుకు?" అంటారు కొందరు. ఇది సరికాదు.

ఎందుకంటే ఆ అంకె అలలను, రాళ్లను గురించి చెబుతుంది గాని, నీటి చల్లదనాన్ని గురించి చెప్పదు. గంగలో హిమాలయాల మంచు కరిగిన నీరు ఉంటుంది. చన్నీటిలో హఠాత్తుగా పడితే, వద్దనుకున్నా ఒక్కసారిగా ఊపిరి లోపలికి పీల్చుకుంటాం. అప్పుడు ముఖం నీళ్లలో ఉంటే? ఈత వచ్చినవారికీ ప్రమాదమే! పైగా నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా మన వేడిని లాగేస్తుంది, చేతులు కొయ్యబారతాయి.

మన శరీర సాంద్రత దాదాపు నీటి సాంద్రతతో సమానం. కనుక తేలే శక్తి మరికొంచెం తోడైతే చాలు, తల పైన నిలుస్తుంది. జాకెట్ చేసేది ఇదే. అయితే నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎవరి తరం? గట్టుమీదే తొడుక్కోవాలి. పెద్దలు మరచిపోతే మీరే గుర్తుచేయండి!