బెసోరు వాగు దగ్గర ఆగిపోయినవారు



మా ఆర్మూరు ప్రాంతంలో సంక్రాంతి దాటిందంటే పసుపు పని మొదలవుతుంది. తొమ్మిది నెలలు నేలలో ఉన్న పంటను తవ్వి, ఉడకబెట్టి, కళ్ళాల్లో ఆరబోసి, పాలిష్ పట్టి, నిజామాబాదు మార్కెట్ యార్డుకు తోలేవరకు రైతుకు గాని, కూలికి గాని, దుకాణంలో గుమాస్తాకు గాని తీరిక ఉండదు. ఆ దినములలో ఎవరైనా మంచాన పడితే, "ఇప్పుడే పడాల్నా?" అనే మాట నోటిదాకా వచ్చి ఆగుతుంది. కొందరి నోట ఆగదు కూడా.

మా సంఘములోని ఒక సహోదరుడు సరిగ్గా అప్పుడే పడ్డాడు. పసుపు వ్యాపారి దగ్గర పదకొండేళ్ళుగా గుమాస్తా. కొమ్ము ఎన్ని బస్తాలు, గోళ ఎన్ని బస్తాలు, ఏ రైతుకు ఎంత బాకీ, అంతా అతని నోట్లోనే ఉంటుంది. నడుము నొప్పి అని మూడు నెలలు మాత్రలు మింగి, చివరికి పరీక్ష చేయిస్తే వెన్నెముకకు క్షయ అని తేలింది. ఏడాదికి తక్కువ కాకుండా మందులు వాడాలనీ, కొన్ని నెలలు బరువు ఎత్తకుండా, ఎక్కువ కూర్చోకుండా పడుకోవాలనీ డాక్టరుగారు చెప్పారు.

మొదటి వారం ఇల్లు పట్టనంత మంది వచ్చారు. బత్తాయిలు, బ్రెడ్డు, హార్లిక్సు. రెండవ వారం సగం మంది. నెల దాటాక ఎవరూ లేరు. ప్రతి ఆదివారము ప్రార్థనలో అతని పేరు ఎత్తుతూనే ఉన్నాము గనుక మా బాధ్యత నెరవేరుతున్నదని అనుకొన్నాము. అతని ఇంటి గడప తొక్కి రెండు నెలలయిన సంగతి మాకు మా ఇంట్లో అమ్మగారు గుర్తుచేయవలసి వచ్చింది.

వెళ్ళాము. గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు.

"మందులు పడుతున్నయి అయ్యగారూ. నొప్పి కూడ తగ్గింది. ఫోను మోగితెనే పానం గుంజుతది. సేటు చేస్తడు. పాత ఖాతా బుక్కు ఏ బీరువాల పెట్టినవు, ఫలానా రైతు లెక్క ఎంత, ఇదే అడుగుతడు. ఎట్లున్నవని ఒక్కనాడు అడుగలె. పదకొండేండ్లు ఒక్క డబ్బాల తిన్న దోస్తు మా గల్లీల నుంచే పోతడు, బండి ఆపడు."

కొంతసేపు ఆగి, మా ముఖము చూడకుండానే మరొక మాట అన్నాడు. "సంఘంల లెక్కలకు వేరే ఆయనను పెట్టిండ్రట గద. పిల్లలు సండే స్కూలు నుంచి వచ్చి చెప్పిండ్రు. మంచిదే అయ్యగారూ, పని ఆగొద్దు."

ప్రియులారా, ఆ కుర్చీలో మేము కూర్చోలేకపోయాము. ఈ సహోదరుడు ఆరేళ్ళుగా మా సంఘ కోశాధికారి. అతడు రాలేడు గనుక కమిటీ కూర్చొని ఐదు నిమిషాలలో మరొకరిని నియమించింది. అధ్యక్ష స్థానములో ఉన్నది మేమే. అతనికి ఒక మాట చెప్పాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. సేటును గూర్చి మాట్లాడే నోరు మాకు లేకుండా పోయింది.

ఇంటికి వచ్చి మొదటి సమూయేలు గ్రంథము ముప్పదవ అధ్యాయము తెరిచాము. అమాలేకీయులు సిక్లగును కాల్చి, స్త్రీలను పిల్లలను చెరపట్టుకొని పోతే, దావీదు ఆరు వందల మందితో వెంటబడ్డాడు. బెసోరు వాగు దగ్గర రెండు వందల మంది ఇక అడుగు వేయలేక ఆగిపోయారు. ఈ కథ మీకు తెలిసినదే. అయితే దాని నడుమ ఉన్న ఒక మనిషిని మేము ఇన్నేళ్ళు త్వరగా దాటిపోయాము. పొలములో పడి ఉన్న ఐగుప్తీయుడు. ఒక అమాలేకీయుని దాసుడు. మూడు దినముల క్రిందట జబ్బు చేసిందని యజమాని అతణ్ణి అక్కడే వదిలి పోయాడు. మూడు రాత్రింబవళ్ళు అన్నము లేదు, నీళ్ళు లేవు.

వదిలిపెట్టిన యజమాని చెడ్డవాడని ఆ వచనములో లేదు. దండు నడవాలి, వీడు నడవలేడు, అంతే. ఆర్మూరు నుండి గల్ఫుకు పోయిన మన అన్నదమ్ములు చెప్పేది కూడా ఇదే. తెల్లవారకముందే బస్సు వచ్చి గదిలోని వారందరినీ పనికి తీసుకుపోతుంది, జ్వరముతో ఉన్నవాడు సాయంత్రము దాకా పైకప్పు చూస్తూ ఉంటాడు. గదిలోనివారు పాపాత్ములా? కారు. బస్సు ఆగదు.

దావీదు మాత్రము ఆగాడు. తన భార్యలు చెరలో ఉండగా, ఒక్కొక్క గడియ విలువైనదిగా ఉండగా, రోగికి రొట్టె, నీళ్ళు, అంజూరపు అడలో ఒక ముక్క, రెండు ద్రాక్షగెలలు పెట్టించి, ప్రాణము తెప్పరిల్లిన తరువాతనే ప్రశ్నలు అడిగాడు. ఆ రోగియే దావీదుకు శత్రువుల దారి చూపాడు. తిరిగి వచ్చాక, వాగు దగ్గర ఆగినవారికి దోపుడు సొమ్ములో భాగము వద్దని కొందరు పోరు పెట్టారు. దావీదు ఒప్పుకోలేదు. యుద్ధమునకు పోయినవానికి ఎంతో, సామాను దగ్గర నిలిచినవానికి అంతే అని తీర్చాడు. ఆ పూటకు జాలిపడి ఊరుకోక, ఆ దినము నుండి దానిని కట్టడగా నియమించాడు. జాలి నెల రోజుల్లో అయిపోతుందని అతనికి తెలిసి ఉంటుంది.

కట్టడలు మన దేశములోనూ ఉన్నవి. ఈ.ఎస్.ఐ. వర్తించే కార్మికునికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 దినముల వరకు వేతనములో 70 శాతము వస్తుంది. క్షయ వంటి దీర్ఘ రోగములకైతే నిబంధనలను బట్టి 80 శాతము చొప్పున రెండేళ్ళ వరకు పొడిగిస్తారు. పది మందికి తక్కువ ఉన్న దుకాణములలో పనిచేసేవారికి ఇది సాధారణముగా అందదు, మా సహోదరుని సంగతి అదే. క్షయ రోగులకు పోషణ కొరకు ప్రభుత్వము ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుండి నెలకు 500 రూపాయల నుండి 1,000కి పెంచారు. చికిత్స మొదలైనప్పుడే ప్రభుత్వ ఆసుపత్రిలో పేరు, బ్యాంకు ఖాతా నమోదు చేయించుకోవాలి.

కట్టడ ఉన్నా మనుష్యులు మరచిపోతారు. తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవరుకు వర్ణాంధత ఉన్నదని 2016లో ఉద్యోగము నుండి దించివేశారు. అలాంటి డ్రైవర్లకు వేరే పని ఇవ్వాలని కార్మిక సంఘాలతో 1979లోనే ఒప్పందము ఉన్నది. అతనికి తగిన వేరే పని అదే జీతముతో ఇవ్వాలని చివరకు సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 1న చెప్పవలసి వచ్చింది. అన్నేళ్ళు ఆ ఇల్లు ఎలా గడిచిందో!

మన జిల్లాలో సంఘ చరిత్ర చెప్పుకొనేటప్పుడు డిచ్‌పల్లి పేరు రాక తప్పదు. డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ దొరగారు 1915లో అక్కడ కుష్ఠు రోగుల ఆసుపత్రి స్థాపించారు. ఇంటివారు వెళ్ళగొట్టినవారు, ఊరివారు దగ్గరికి రానీయనివారు అక్కడికి చేరారు. అటువంటి చరిత్ర ఉన్న జిల్లాలో ఉండి మేము ఐదు నిమిషాలలో ఒక రోగి కుర్చీ తీసివేశాము.

ఆ దోస్తును కూడా కలిశాము. దుర్మార్గుడేమీ కాడు. "ఇంట్ల చిన్నపిల్లలున్నరు అయ్యగారూ, అంటుకుంటదేమోనని భయం. పోయినా ఏం మాట్లాడాల్నో తెల్వదు" అన్నాడు. వెన్నెముకకు మాత్రమే ఉన్న క్షయ ఊపిరి ద్వారా అంటదని డాక్టరుగారి మాటగా చెప్పాము. మాటల సంగతికి వస్తే, యోబు స్నేహితులు ఏడు దినములు ఏమీ మాట్లాడక నేలమీద కూర్చున్నప్పుడే బాగున్నారు. నోరు తెరిచాకనే చెడగొట్టారు. అక్కడ కూర్చొని ఆ రోజు కొమ్ము ధర ఎంత పలికిందో చెప్పినా చాలు.

మంచము మీద ఉన్నవారికి కూడా ఒక మాట. ఎపఫ్రొదితు చావునకు సిద్ధమైనంత రోగి అయ్యాడు. అయితే తాను రోగియైన సంగతి ఫిలిప్పీలోని తనవారికి తెలిసిందని బాధపడ్డాడు. మన బలహీనత పదిమందికి తెలిస్తే చిన్నతనమని మనమూ దాస్తాము. మా సహోదరుడు సేటుకు నడుము నొప్పి అనే చెప్పాడట, జబ్బు పేరు చెప్పలేదు. ఏడాది చికిత్స అని తెలియని సేటు పది రోజులకొకసారి "ఎప్పుడొస్తవు?" అంటున్నాడు. డాక్టరుగారి చీటీ చూపించాక, జీతము మాట తేలలేదు గాని, అడిగే తీరు కొంచెం మారింది. దోస్తు మాత్రము బుధవారము బుధవారము వస్తున్నాడు.

కమిటీ మరల కూర్చున్నది. కోశాధికారి అతడే, కొత్త సహోదరుడు సహాయకుడు. ఆదివారము ఆరాధన తరువాత కానుకల లెక్క పుస్తకము తీసుకొని అతని ఇంటికి వెళ్ళాము. నడుముకు బెల్టు కట్టుకొని, రెండు దిండ్లు ఆనుకొని, పావుగంట చూశాడు. తరువాత కళ్ళద్దాల పైనుండి మా వైపు చూచి, "అయ్యగారూ, రెండు నెలల్ల మూడు వందల నలభై రూపాయలు తక్కువ పడ్డయి, ఎవరు కూడిండ్రు?" అన్నాడు.

కూడినది మేమే.