సదఖా వేరు, హక్కు వేరు

ఎర్రగడ్డ ప్రధాన రహదారి పక్కనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది. మెట్రో స్టేషనుకూ ఆ పేరే పెట్టారు. బోరబండ వైపు నుంచి ఇళ్లలో అంట్లు తోమడానికి, బట్టలుతకడానికి వచ్చే మన అక్కచెల్లెళ్లు రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తారు. కానీ పనిలో జారిపడి చేయి విరిగితే, ఈఎస్ఐ కార్డు చూపి ఆ గేటు దాటే అర్హత వారికి లేదు. 1948 నాటి ఈఎస్ఐ చట్టం కర్మాగారాలనూ సంస్థలనూ దృష్టిలో పెట్టుకొని చేసినది. దాని లెక్కలో ఇల్లు సంస్థగా ఉండేది కాదు.

మా వీధిలో ఒక ముస్లిం కుటుంబం ఇంట్లో కిటికీ అద్దాలు తుడుస్తూ పనిమనిషి స్టూలు మీది నుంచి పడింది. ఆమె కూడా మన బిరాదరీ మనిషే. యజమానులు చెడ్డవారు కారు. కట్టు కట్టించారు, రెండు వేలు చేతిలో పెట్టారు. వారం తిరగకుండానే మరొకరిని పనిలోకి తీసుకున్నారు. చేయి కూడేవరకు ఆమె ఇంట పొయ్యి ఎలా వెలిగిందని ఎవరూ అడగలేదు. మేమూ ఆలస్యంగానే అడిగాము. సర్కారు కొలువులో ఉన్నన్నాళ్లూ వైద్య బిల్లులు పెట్టుకొని, జీతంతో కూడిన సెలవు తీసుకున్న మాకు ఆ ఆలస్యం సిగ్గు కలిగించింది.

ఆ రెండు వేలు సదఖా. ఆమెకు రావలసింది హక్కు. ఇంటిపనివారికి ప్రత్యేక చట్టం అవసరాన్ని పరిశీలించడానికి కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. చట్టం వచ్చేవరకు మనం చేతులు కట్టుకొని కూర్చోనక్కర లేదు.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు. బ్యాంకు ఖాతా ఉండి, 18 నుంచి 70 ఏళ్ల మధ్య వయసున్న వారెవరైనా చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు వస్తాయి. ఆ 20 రూపాయలు యజమానే కట్టాలి. అయితే విరిగిన చేయి నయమయ్యే రోజుల కూలిని ఈ బీమా ఇవ్వదు. ఆ కూలి యజమాని బాధ్యత. కొన్ని గృహ బీమా పాలసీలలో పనివారి ప్రమాదాలకూ రక్షణ జోడించుకోవచ్చు. స్తోమత ఉన్నవారు ఏజెంటును అడిగి తెలుసుకోవాలి.

చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్న బోధను జుమా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము. చెమటకే అంత విలువ ఉన్నప్పుడు, మన ఇంటి పనిలో చిందిన నెత్తురుకు విలువ లేదందామా? ప్రతి మసీదు కమిటీ ఒక ఆదివారం బీమా ఫారాలు నింపించే పని పెట్టుకోవాలి. మైనారిటీ హక్కుల కోసం సర్కారును నిలదీసే మనం, మన వంటింట్లో నిలబడిన మనిషి హక్కును ముందుగా గుర్తించాలి.