అస్రోల్ వేరు - మన ప్రయోగశాల

చెట్టుచేమలలో ఔషధగుణాలు గలవని పెద్దలు చెప్పినప్పుడు మనలో కొందరు ఆ మాటను కళ్లకద్దుకొంటారు. మరికొందరు నవ్వి ఊరుకొంటారు. ఆ వేరును పరీక్షించి చూచేవారు మాత్రం ఇరుపక్షాలలోనూ అరుదే. ఈ రెండు ధోరణులూ విజ్ఞానానికి చేటని మా అభిప్రాయం.

తెలుగున సర్పగంధి అనీ, యునానీలో అస్రోల్ అనీ పిలువబడే మొక్క సంగతి చూడండి. దాని వేరును ఉన్మాదానికి, నిద్రలేమికి చిరకాలంగా వాడారు. ఢిల్లీ తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు 1931లో ఆ వేరునుండి ఐదు ఆల్కలాయిడ్లను వేరుచేసి, తమను అక్కడికి రప్పించిన కీర్తిశేషులు హకీం అజ్మల్ ఖాన్ గారి స్మృత్యర్థం ఒకదానికి అజ్మలీన్ అని పేరుపెట్టారు. అరుదైన ఒక గుండెజబ్బును బయటపెట్టే పరీక్షలో వైద్యులు నేటికీ దానిని వాడుతున్నారు.

అయితే మనసును శాంతపరచే ప్రధాన పదార్థం ఆ ఐదింటిలో లేదు. స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు, స్ఫటికాలుగా ఏర్పడని జిగురు భాగాన్ని పారవేయక, దానిని మరల మరల విభజిస్తూ, ప్రతి భాగాన్నీ జంతువులపై పరీక్షిస్తూ 1952లో రెసర్పిన్‌ను పట్టుకొన్నారు. అందమైన స్ఫటికమంతా మందు కాదు! రసాయనజ్ఞుడు, శరీరధర్మజ్ఞుడు పక్కపక్కన నిలిచినందువల్లనే అది చిక్కింది. ఆ మందు తరువాత కొత్త మందులకు చోటిచ్చింది. ఆ పద్ధతి మాత్రం నిలిచింది.

చైనాలో తూ యూయూ గారు 1971లో ఇంకొక మెట్టు చూపారు. ప్రాచీన గ్రంథం మాచిపత్రి జాతి మొక్కను నీట నానబెట్టి పిండమన్నది, మరిగించమనలేదు. ఆమె ఈథరుతో తక్కువ వేడిలో సారం తీయగా మలేరియా మందు దొరికింది. 2015లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి మన కళాశాలలో? ఏటేటా అవే లవణాల విశ్లేషణలు. వృక్షశాస్త్ర విభాగానికీ రసాయన విభాగానికీ నడుమ ఒక్క వరండాయే ఉన్నా రాకపోకలు లేవు. క్రోమటోగ్రఫీ పలకలు కొన్ని, ఎండు నమూనాలకొక బీరువా - కమిటీవారిని మేము కోరేది ఇంతే. ఉర్దూ వచ్చినవారు హకీముల పాత నుస్ఖాలు చదవగలరు. తెలుగు విద్యార్థులు పల్లెలనుండి మొక్కలు తేగలరు. ప్రతి నమూనాపై ఉర్దూ, తెలుగు, లాటిన్ పేర్లు, సేకరించిన చోటు, తేదీ ఉండాలి. పేరు తప్పితే ఆపై శ్రమంతా వృథా.

మొదటి నమూనాకు ప్రహరీ పక్కనున్న వేపచెట్టు చాలు. వేపనూనెనుండి 1942లో నింబిన్‌ను వేరుచేసినదీ సిద్దీఖీ గారే.