మిగిలింది ఆరు ఫైళ్లే



లినక్స్ వేసుకున్నాం, ఇక యంత్రం మనదే అనుకుంటున్నాం. ఒక్కసారి టెర్మినల్ తెరిచి డీమెసేజ్ కొట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై చిప్పు దగ్గర ఫర్మ్‌వేర్ లోడైనట్టు ఒక వరుస కనబడుతుంది. దాని సోర్సు ఎంత వెతికినా దొరకదు. ఇల్లు మనదే, ఒక గది తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరుంది. పంతానికి మారుపేరైన డెబియన్ కూడా 2022లో ఓటింగు పెట్టుకుని, అలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టాలర్‌లోకి రానిచ్చింది. వాళ్లను తప్పుపట్టను. బదులు రాసిపెట్టాల్సిన మనం రాయలేదు మరి!

ఇంత పని మనవల్ల అవుతుందా అనేవాళ్లు బర్క్‌లీ విశ్వవిద్యాలయం సంగతి వినాలి. 1980ల చివర్లో అక్కడి యునిక్స్ అయిన బీఎస్‌డీ నిండా ఏటీ అండ్ టీ కంపెనీ కోడే. వాళ్ల లైసెన్సు లేనిదే ముట్టుకోవడానికి లేదు. కీత్ బోస్టిక్ అనే ఆయన సభల్లో కనబడ్డవాళ్లనల్లా పట్టుకుని, పాత కోడు చూడకుండా, అచ్చయిన వివరణ మాత్రమే చదివి తలా ఒక యుటిలిటీ తిరగరాయమని అడిగాడు. ప్రతిఫలం? రాసినవాళ్ల జాబితాలో పేరు. అంతే! ఏడాదిన్నరలో ముఖ్యమైన యుటిలిటీలు, లైబ్రరీలు దాదాపు అన్నీ వచ్చిపడ్డాయి. ఆపైన బోస్టిక్, మైక్ కారెల్స్, కిర్క్ మెక్‌కుసిక్ కూర్చుని కెర్నల్‌ను ఫైలు ఫైలుగా జల్లెడ పట్టారు. చివరికి ఏటీ అండ్ టీ కోడుతో మిగిలినవి ఆరు ఫైళ్లు. అవి లేకుండానే 1991లో విడుదల చేశారు. ఆ ఆరింటికీ బిల్ జోలిట్జ్ అనే ఆయన బదులు రాశాడు, 386బీఎస్‌డీ అనే పూర్తి సిస్టం నడిచింది. తర్వాత ఏటీ అండ్ టీ వైపు నుంచి దావా పడింది. రాజీ కుదిరేసరికి 18,000 ఫైళ్లలో తీసేయాల్సి వచ్చినవి మూడే.

వాళ్లు పాత కోడు చూసి రాసుంటే ఆ దావాలో మునిగిపోయేవాళ్లే. కాబట్టి మనమూ మూసిన కోడు విప్పి చూసేవాళ్లు వేరు, రాసేవాళ్లు వేరుగా ఉందాం. బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్ అలాగే పుట్టింది. ఒక జట్టు మూసిన డ్రైవర్‌ను శోధించి, అది ఏం చేస్తుందో మాటల్లో రాసిపెట్టింది. దాన్ని చదివి మరో జట్టు కోడు రాసింది. 2006లో అది కెర్నల్‌లో చేరింది. దాని ఫర్మ్‌వేర్‌కూ కొన్ని చిప్పుల వరకు ఇటలీలోని బ్రెషా విశ్వవిద్యాలయం వాళ్లు సొంతంగా బదులు రాశారు.

కాలేజీల్లో లినక్స్ బృందాలు నడిపే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇన్‌స్టాల్ ఫెస్టులు చాలానే చేశారు. ఈసారి బృందానికొక చిప్పు పంచుకోండి. సి భాష రానివాళ్లు వివరణ రాయండి, రాసింది పరీక్షించండి. ఉద్యోగాల్లో ఉన్న పెద్దలు వారానికొక సాయంత్రం పిల్లల ప్యాచ్‌లు చదివి దిద్దిపెట్టండి. అటక మీద పాత ల్యాప్‌టాప్ ఉంటే దింపండి. పరీక్షలకు యంత్రాలు కావాలి.