పండుగలో అతిథి స్థానం

డిసెంబరులో 'సెమీ క్రిస్మస్', జనవరి సెలవులకు ముందు సంక్రాంతి సంబరాలు, రంజాన్ మాసంలో ఇఫ్తార్ విందు: ఇవి కడప జిల్లా విద్యాసంస్థలకు నూతనములు కావు. వీటిని ఒకే వేదికపై చేర్చి పేటలోని బాలబాలికలకు సర్వమత వేడుక జరపాలన్న ఉత్సాహం కళాశాల విద్యార్థులలో కలగడం సహజం. సంకల్పం శ్లాఘనీయమే. విధానం మాత్రం విచారణీయం. ఒక బాలుడికి క్రిస్మస్ తాత గడ్డం, ఇంకొకడికి హరిదాసు చిడతలు, మరొకడి నెత్తిన టోపీ పెట్టి వరుసగా నిలబెట్టి ఛాయాచిత్రం తీస్తే వేషం మిగులుతుంది, పండుగ మిగలదు. ప్రతి పండుగకూ తనదైన తిథి, నియమం, గృహం ఉన్నాయి. వాటిని కలపవలసిన పని లేదు. ఒకరి పండుగకు మరొకరు వెళ్ళాలి.

ఈ వెళ్ళడమెట్లో నేర్చుకొనడానికి దూరదేశాలు పోనక్కరలేదు. ఉగాది నాడు దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరాలయానికి ముస్లిం కుటుంబాలు తరలివచ్చి కొబ్బరికాయలు సమర్పిస్తాయి. స్వామివారి దేవేరి బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచని వారి విశ్వాసం. ఆ లెక్కన స్వామి వారికి అల్లుడు. వచ్చినవారు తమ మతాన్ని గడప వెలుపల విడిచి రారు. వారికోసం అర్చకుడు పూజను కుదించడు. సహనం, సమరసత వంటి పెద్ద మాటలేవీ అక్కడ వినబడవు. ఉన్నది చుట్టరికం, అంతే.

2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మరునాడు 31న వచ్చాయి. ఇది కేవల యాదృచ్ఛికం కాదు. రెండు గణనలూ చంద్రుని అనుసరించేవే. మన పంచాంగం అధికమాసంతో ఋతువును నిలుపుకొంటుంది. హిజ్రీ సంవత్సరానికి అధికమాసం లేదు గనుక రంజాన్ ఏటా సుమారు 11 దినాలు ముందుకు జరుగుతుంది. అట్లా జరుగుతూ వచ్చి ఆ ఏడు ఒకే అమావాస్య వెంట రెండు పండుగలూ నిలిచాయి. ఉగాది పచ్చడి తిన్న సాయంకాలమే పడమట నెలవంకకై ముస్లిం గృహాల మిద్దెలపై పిల్లలు ఎదురుచూశారు. అటువంటి సాయంత్రం పదిమంది పిల్లలను ఒక మిద్దె మీదికి తీసుకొనిపోయి ఆ చంద్రరేఖను చూపితే చాలు, వేదిక అవసరమే ఉండదు.

తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలో విద్య ముగించిన శిష్యునికి ఆచార్యుడు చేసే ఉపదేశమున్నది. తల్లి, తండ్రి, ఆచార్యుల వెంటనే అతిథిని దైవంగా చూడమంటాడు. ఇచ్చేదాన్ని శ్రద్ధతో, లజ్జతో, భయంతో ఇవ్వమనీ అంటాడు. పలకా బలపమూ ఇస్తూ దాతల పేర్లు మైకులో చదివే వేడుకకు ఆ లజ్జ ఎక్కడిది? అన్యమత బాలుని చేతిలో ప్రసాదం పెట్టేముందు తీసుకుంటాడో లేదో అడగాలి, వద్దంటే నొచ్చుకోరాదు. భయమంటే ఇక్కడ ఆ జాగ్రత్తయే. సేమ్యా పాయసం వద్దన్న మన పిల్లవాడికీ అదే మర్యాద దక్కాలి గదా.

బ్రహ్మంగారిమఠం వారికి మరొక ప్రశ్న తప్పదు. వీరబ్రహ్మేంద్రస్వామి ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకుల కుటుంబంలో జన్మించాడు. గురువు సమాధి నుండి వెలుపలికి వచ్చి దండమూ పాదుకలూ అనుగ్రహించినది అతనికే అని భక్తుల నమ్మకం. సమీపంలోని ముడుమాలలో అతని సమాధిని నేటికీ సేవిస్తున్నారు. సిద్దయ్య పేరు చెప్పి ముస్లిం బాలుని పిలవడం సులభమే, పిలుస్తారు కూడా. మాదిగ కులజుడైన కక్కయ్య సైతం ఆ స్వామి శిష్యుడే. మరి కక్కయ్య వాడలోని పిల్లలు ఏ వరుసలో కూర్చుంటున్నారు? వారికి విస్తరి ఎప్పుడు పడుతున్నది? మూడు మతాల చిత్రపటాలతో అలంకరించిన పందిరిలో వారు చివరన నిలబడి చూస్తుంటే, పరమతస్థుని ఆదరించామన్న మాట ఎవరి చెవికి ఎక్కుతుంది? వచ్చే ఉగాదికి పిల్లలను దేవుని కడపకు తీసుకొనిపోదలచిన విద్యార్థులు మొదట ఆ వాడకు వెళ్ళి, ఆ తల్లిదండ్రులను అడిగి, వారి పిల్లలను బండిలో ముందు కూర్చోబెట్టాలి.