నెట్టు పెట్టించే ముందు తీగ సంగతి అడగండి

ఈ మధ్య ఏ ఊరికెళ్లినా కరెంటు స్తంభాలకు ఓ నల్ల తీగ వేలాడుతూ కనిపిస్తోంది. చిన్న, సన్నకారు రైతుల ఇళ్లలోకీ బ్రాడ్‌బ్యాండు వస్తోంది. పిల్లల చదువు, పంట నమోదు, మార్కెట్ ధరలు, బ్యాంకు పనులు అన్నీ ఫోనులోకి చేరాక ఇదీ ఒక అవసరమే, కాదనను. అయితే సంచీ మీద బొమ్మ చూసి విత్తనం కొన్నట్లే, కరపత్రం మీద అంకె చూసి నెట్టు పెట్టించుకుంటున్నాం. నా అభిప్రాయం ఒక్కటే. కంపెనీ పేరు, వేగం అంకె తరవాత. ముందు చూడాల్సింది మన గడపదాకా వచ్చే తీగను, అది తెగితే వచ్చి బాగుచేసే మనిషిని.

మొదట ఖర్చు లెక్క వేద్దాం. కరపత్రంలో నెలకు 399 రూపాయలని ఉందనుకోండి. దానిపై 18 శాతం జీఎస్టీ కలిస్తే 470 రూపాయల 82 పైసలు. ఏడాదికి దాదాపు 5,650 రూపాయలు. పీఎం కిసాన్ కింద మూడు విడతల్లో వచ్చే 6,000 రూపాయలు ఇంచుమించు దీనికే సరి! ఇంట్లో ఒక్క ఫోనుండి, అప్పుడప్పుడు ధరలు చూసుకునే రైతుకు మొబైల్ డేటా చాలు. చదువుకునే పిల్లలు ఇద్దరు ముగ్గురుండి, అందరి ఫోన్లకూ పెద్ద రీచార్జీలు చేయిస్తున్న ఇంటికే బ్రాడ్‌బ్యాండు గిట్టుబాటు. బయటికెళ్లినప్పుడు ఫోను మోగాలంటే చిన్న రీచార్జి ఎలాగూ తప్పదు. దాన్నీ లెక్కలో వేసుకోవాలి.

ఇక వేగం. 100 ఎంబీపీఎస్, 200 ఎంబీపీఎస్ అని ఊరిస్తారు. పాఠం వీడియో స్పష్టంగా రావడానికి ఒక ఫోనుకు 5 ఎంబీపీఎస్ ఉంటే సరిపోతుంది. నలుగురు ఒకేసారి చూసినా 20 దాటదు. కాబట్టి 30 నుంచి 50 మధ్య ఉన్న చవక ప్లాను చాలు. ఎకరం చేనుకు పది గుర్రాల మోటారు ఎందుకు?

పైగా కాగితం మీద ఉన్న వేగం ఇంట్లో ఉండదు. ఒకే తీగను చీల్చి 32 ఇళ్లకు, కొన్నిచోట్ల 64 ఇళ్లకు పంచుతారు. కాలువ చివరి ఆయకట్టు రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రాత్రి ఏడింటి నుంచి తొమ్మిదింటి దాకా అందరూ తూము తెరిచే వేళ. అందుకని మీ వీధిలో ఇప్పటికే కనెక్షనున్న ఇంటికి ఆ వేళకే వెళ్లి చూడండి. ఒక వీడియో పెట్టి చూస్తే ఐదు నిమిషాల్లో తెలిసిపోతుంది.

రెండేళ్ల క్రితం నేనూ తప్పు చేశాను. ఏడాది సొమ్ము ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమంటే కట్టేశాను. శ్రావణంలో చెట్టుకొమ్మ విరిగి తీగ తెగింది. బాగుచేయడానికి పదకొండు రోజులు పట్టింది. సరిగ్గా అప్పుడే మావాడి ఇంజినీరింగు కౌన్సెలింగు ఆప్షన్లు. రోజూ మండల కేంద్రానికి ఆటోలో తిరిగాం. ఉచితమన్న రెండు నెలలూ ఆటో చార్జీలకే చాల్లేదు. అందుకే చెబుతున్నా, మొదట ఒక్క నెలకే కట్టండి. ఒక వానాకాలం చూశాక ఏడాది మాట ఆలోచించవచ్చు.

డబ్బు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి. లైన్‌మన్ ఏ ఊళ్లో ఉంటాడు? కరెంటు పోతే ఆపరేటరు గదిలో బ్యాటరీ ఉందా? అక్కడ లేకపోతే మనింట్లో ఇన్వర్టరున్నా లాభం లేదు. డేటా పరిమితి దాటితే వేగం ఎంతకు పడిపోతుంది? ఇంట్లో పెట్టే పెట్టె మనదా, వాళ్లదా, డిపాజిట్ వాపసు ఇస్తారా? వీటికి జవాబు రసీదు మీద రాయించుకోండి. ఫిర్యాదు చేసినప్పుడు నంబరు అడిగి తీసుకోండి. కంపెనీ పట్టించుకోకపోతే దాని అప్పీలు అధికారికి రాయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా చెప్పవచ్చు.

సామాను విషయంలో మరీ మోసం జరుగుతోంది. ఫైబర్‌తోపాటు వచ్చే పెట్టెలోనే చాలావరకు వైఫై ఉంటుంది. ముందు అది వాడి చూడకుండా వేరే రౌటరు కొనొద్దు. పెట్టెను ఇంటి నడిమధ్యలో, మనిషెత్తున పెట్టాలి. ఇనుప బీరువా వెనకో, గాదె పక్కనో పెడితే సిగ్నలు చస్తుంది. రేకుల కప్పు, కాంక్రీటు గోడ కూడా అడ్డే. 2.4 గిగాహెర్ట్జ్ దూరం పోతుంది, 5 గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది కాని గోడ దాటితే నీరసిస్తుంది. పశువుల కొట్టం దాకా కావాలంటే మొదటిదే వాడుకోవాలి.

బోరు దగ్గరికి వైఫై అందుతుందని ఎవరైనా పెద్ద యాంటెన్నాల రౌటరు అంటగడితే నమ్మొద్దు. సెల్‌ఫోనుతో మోటారు వేసే స్టార్టర్లు ఎక్కువగా సిమ్ కార్డు మీద నడిచేవే. వాటికి బ్రాడ్‌బ్యాండుతో పనిలేదు. మిగిలిన డబ్బుతో పెట్టెకు సరిపోయే చిన్న యూపీఎస్ కొనుక్కోండి. పెట్టె వెనక 12 వోల్టులని ఉంటే అదే వోల్టేజిది తీసుకోవాలి. గాజు పోగులో కరెంటు పారదు కాని, పిడుగు దెబ్బ ప్లగ్గు దారిన వస్తుంది. ఉరుములు మొదలవకముందే ప్లగ్గు పీకేయండి. ఎల్‌ఓఎస్ అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే తప్పు బయటి తీగలో ఉన్నట్లు. పెట్టె మార్చాలని ఎవరన్నా ఒప్పుకోకండి.

ఒంటరిగా పెట్టుకోలేని ఇళ్లకూ దారి ఉంది. 2020 డిసెంబరులో కేంద్రం పీఎం-వాణి పథకానికి ఆమోదం తెలిపింది. దీని కింద ఊళ్లోని కిరాణా కొట్టో, టీ కొట్టో లైసెన్సు లేకుండానే వైఫై పెట్టి, కొద్ది రూపాయలకు అందరికీ ఇవ్వవచ్చు. ఊరికి ఇలాంటి కొట్టు ఒకటుంటే, నెలకు నాలుగైదు వందలు కట్టలేని ఇంట్లో పిల్లవాడు కూడా దరఖాస్తు గడువు దాటకముందే పెట్టుకుంటాడు. పంచాయతీ పెద్దలు, యువజన సంఘాలు దీని గురించి ఆలోచించాలి.

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తాం, నడిపించి చూస్తాం, నాలుగిళ్లలో వాకబు చేస్తాం. నెట్టుకూ అంతే జాగ్రత్త చాలు. చదువు రాలేదని జంకనక్కర్లేదు. అడగడం మన హక్కు. జవాబు చెప్పలేని ఏజెంటుకు డబ్బు చెల్లించకండి.